ట్రాక్టరు నల్లపొగ వదులుతుంటే ముందు ఏం చూడాలి?

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక డీజిల్ పంపు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం. ఆయన మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నేను వేదికలెక్కి మాట్లాడేవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లుగా డీజిల్ పంపులు, నాజిళ్లు విప్పడం, బిగించడం, అదే నా పని. గిట్టుబాటు ధర గురించీ, కౌలు కార్డుల గురించీ మాట్లాడుకునే తరగతుల్లో నాకేం పని అని మీ కార్యదర్శిగారిని అడిగాను. "డీజిలు ఖర్చు సాగు ఖర్చు కాదా? అది మాట్లాడు చాలు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పొద్దున ఇక్కడికి వస్తుంటే వడ్ల బస్తాల ట్రక్కు లాగుతూ ఒక ట్రాక్టరు వంతెన ఎక్కుతోంది. సైలెన్సర్లోంచి కాటుకలాంటి పొగ. నా బండి వెనక కూర్చున్న కుర్రాడు "అబ్బ, ఏం పవరు చూడు మామా" అన్నాడు. ఆ ఒక్క మాట చుట్టూనే ఈ రోజు నేను చెప్పాలనుకున్నదంతా ఉంది. మనలో చాలామందికి పొగ అంటే బలం. పొగ రాని బండి పస లేని బండి. నల్లపొగ అంటే ఏమిటో తెలుసునా? మీరు బంకులో డబ్బిచ్చి పోయించుకున్న డీజిలే. సగం కాలి, మసిగా మారి బయటికి పోతోంది. పొయ్యిలో కట్టెలు కుక్కేసి గాలి ఆడనివ్వకపోతే ఇల్లంతా పొగ కమ్ముకుంటుంది, అన్నం మాత్రం ఉడకదు. అక్కచెల్లెళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు.

డీజిలు ఒక్కటే కాలదు, గాలితో కలిసి కాలుతుంది. ఎంత గాలి కావాలో చెబితే ఆశ్చర్యపోతారు. ఒక కేజీ డీజిలు పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కేజీల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే సుమారు పది వేల లీటర్ల గాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో మూడో వంతు గాలిని ఒక్క లీటరు డీజిలు మింగేస్తుందన్నమాట. ఇది కాగితం మీద లెక్క. నిజానికి డీజిలింజనుకు ఇంతకంటే బాగా ఎక్కువ గాలి అందాలి, లేకపోతే పొగ మొదలవుతుంది. కాబట్టి నల్లపొగకు మూలం రెండే. గాలి తగ్గిందా, డీజిలు ఎక్కువైందా? మిగతా కారణాలన్నీ తిరిగి తిరిగి ఈ రెంటి దగ్గరకే వస్తాయి. ఒకోసారి రెండూ సరిగానే ఉండి, డీజిలు తుంపరగా కాకుండా బొట్లుగా పడితే కూడా గాలితో కలవదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పాతికేళ్ల కిందటి మాట. నేను కొత్తగా సొంత షాపు పెట్టుకున్నాను. పక్క ఊరి రైతు, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి, దమ్ముకు ముందు బండి తోలుకొచ్చాడు. "అబ్బాయ్, కేజ్ వీల్స్ వేసి బురదలో దిగితే బండి గుంజడం లేదు. అవతలోడి బండి గంటకు ఎకరం చేస్తుంటే నాది ముప్పావు కూడా దాటడం లేదు. కాస్త పంపు పెంచు" అన్నాడు. పంపు మీద ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిలు పోవాలో కంపెనీ వాళ్లు ఒక స్క్రూతో కట్టడి చేసి, తీగ వేసి, సీసం ముద్ర కొడతారు. ఆ ముద్ర తెంపాను. స్క్రూ తిప్పాను. బండి రంకె వేసింది. బాబాయ్ నా భుజం తట్టి, అడిగిన దానికంటే యాభై ఎక్కువే ఇచ్చాడు.

అబద్ధం చెప్పను, బండి నిజంగానే గుంజింది. ఎందుకంటే కంపెనీ సెట్టింగులో గాలి కొంత మిగులు ఉంటుంది. పెంచిన డీజిల్లో మొదటి భాగం ఆ మిగులు గాలితో కాలి బలం ఇస్తుంది. ఆ తర్వాత పోసిందంతా మసీ, వేడీ. ఆ వేడి ఎక్కడికి పోతుంది? పిస్టన్ నెత్తికి, వాల్వులకు, హెడ్డుకు పడుతుంది. కాలని డీజిలు సిలిండరు గోడల మీద ఉన్న ఆయిల్‌ని కడిగేసి కిందికి, ఇంజనాయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడుతుంది. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. రెండు దమ్ముల సీజన్లు గడిచాక బాబాయ్ బండి బోరుకొచ్చింది. పిస్టన్లు, లైనర్లు, బేరింగులు అన్నీ పోయాయి. అప్పటికి బండి అప్పు తీరలేదు. పాడి గేదెను అమ్మి ఇంజను పని చేయించాడు. నన్నొక్క మాట అనలేదు. నా స్క్రూ వల్లే అని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అప్పటినుంచి బెంచి మీదికి ఎక్కించకుండా, లెక్క కొలవకుండా ఏ పంపు ముద్రా నేను తెంపలేదు.

మరి బండి గుంజడం లేదు, పొగ వస్తోంది. ఏం చెయ్యాలి? నేను చెప్పే వరస గుర్తుపెట్టుకోండి. డబ్బు ఖర్చు కానివి ముందు, అయ్యేవి తర్వాత.

మొట్టమొదట లోడు. బండి మంచిదే, మనం దాని మీద వేసిన బరువు ఎక్కువ. ముప్పై అయిదు, నలభై హెచ్‌పీ బండికి అయిదడుగుల రోటావేటర్ సరిపోతుంది. పక్కోడికి ఆరడుగులది ఉందని మనమూ ఆరడుగులది తగిలిస్తే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆర్‌పీఎం పడిపోతుంటే గవర్నర్ పాపం ఇంకా ఇంకా డీజిలు పోస్తుంది. దాని పని అదే. పొగ రాక ఏమవుతుంది? ఒక గేరు కిందికి దిగి తోలి చూడండి. పొగ పోయిందా, బండికి రోగం లేదు, మెకానిక్ దగ్గరికి పోనక్కర్లేదు. యాక్సిలేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు బుస్సుమని ఒక పొగ వచ్చి ఆగిపోతే అదీ మామూలే, కంగారు పడకండి. పనిలో ఉన్నంతసేపూ ఆగకుండా వచ్చే పొగ గురించే నేను చెబుతున్నది.

రెండోది గాలి. నా షాపుకు "పంపు పోయింది" అని వచ్చే బండ్లలో ఎన్నిటికి పంపు బాగానే ఉందో చెబితే మీరు నవ్వుతారు. ఎయిర్ క్లీనర్ విప్పితే లోపల సేరు మన్ను ఉంటుంది. ఎండు దుక్కిలో రోటావేటర్ కొట్టేటప్పుడు, నూర్పిళ్లలో, బండి మట్టి మేఘంలోనే పని చేస్తుంది. ఆ దుమ్మంతా ఎయిర్ క్లీనర్లోకే పోతుంది. ఆయిల్ బాత్ రకమైతే కింద గిన్నె విప్పండి. ఆయిల్ అడుగున మన్ను పేరుకుని చేతికి ముద్దలా తగిలితే ఆయిల్ పారబోసి, గిన్నె డీజిలుతో కడిగి, ఆరనిచ్చి, గుర్తు ఉన్న గీత దాకా కొత్త ఆయిల్ పోయండి. గీత దాటి పోయకండి. ఎక్కువ పోస్తే మంచిదనుకుంటాం, ఇంజను ఆ ఆయిల్నే పీల్చేసుకుంటుంది. అలా పీల్చుకున్న బండి స్విచ్చి లాగినా ఆగకుండా రేసయిపోవచ్చు. దుమ్ము రోజుల్లో ఈ గిన్నె ప్రతిరోజూ చూడాలి. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కున్నట్టు ఆ పనీ చేసుకోవాలి.

కాగితం ఫిల్టరు ఉన్న బండ్లు ఇప్పుడు ఎక్కువ. దాన్ని తీసి టైరుకేసి బాదుతారు మనవాళ్లు. కాగితం మడతలు చిరుగుతాయి, అంచు వంగుతుంది. ఆ సందులోంచి మన్ను నేరుగా సిలిండర్లోకి పోతుంది. డీజిల్లో ముంచి కడగడం ఇంకా ఘోరం. లోపలివైపు నుంచి బయటికి తక్కువ గాలితో ఊదండి. లోపల చిన్న ఫిల్టరు ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఊదకూడదు, మార్చడమే. ఫిల్టరుకు సూచిక ఉన్న బండైతే అది ఎర్రగా కనిపిస్తే మూసుకుపోయిందని అర్థం.

పొగ ఎయిర్ క్లీనర్ వల్లేనా అని తేల్చుకోవడానికి దాన్ని తీసేసి బండి తోలేవాళ్లున్నారు. దయచేసి పొలంలో ఆ పని చెయ్యకండి. శుభ్రమైన చోట బండి నిలబెట్టి రెండు నిమిషాలు చూస్తే చాలు. ఎయిర్ క్లీనర్ లేకుండా ఒక పూట దున్నితే ఆ మన్ను గరుకు కాగితంలా బోరును అరగదీస్తుంది. ఎయిర్ క్లీనర్ తర్వాత ఇంజను దాకా వెళ్లే రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు కూడా తడిమి చూడండి. చిన్న పగులున్నా అదే పని చేస్తుంది.

ఇక్కడ ఒక మాట. పొగ వస్తోందని డీజిల్ ఫిల్టర్లు మార్చేవాళ్లు చాలామంది. డీజిల్ ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుకు డీజిలు తక్కువ అందుతుంది. బండి గుంజదు, ఆగిపోతుంది, కానీ నల్లపొగ రాదు. డీజిల్ ఫిల్టరు వేళకు మార్చాల్సిందే, కానీ నల్లపొగకు మందు అది కాదు. పొగ రంగు కూడా చూడండి. నీలంగా ఉంటే ఇంజనాయిల్ కాలుతోందని, అది రింగుల సంగతో వాల్వు గైడ్ల సంగతో. తెల్లపొగ పొద్దున్నే చలిలో కాసేపు వచ్చి పోతే పరవాలేదు. వేడెక్కాక కూడా వస్తుంటే డీజిలు మండకుండా పోతోందనో, నీళ్లు కలుస్తున్నాయనో.

లోడు సరిగా ఉంది, గాలి శుభ్రంగా ఉంది, అయినా పొగ. ఇప్పుడు నాజిల్ దగ్గరికి వద్దాం. ఇంజెక్టరు అనండి, ఆటమైజర్ అనండి, అదే.

ట్రాక్టరు వెనక టైరులో పొలం పనికి మనం ఉంచే గాలి ఒక కేజీకి అటూ ఇటూ. నాజిల్ నోరు తెరవాలంటే పాతరకం బండ్లలో కూడా, బండిని బట్టి, 175 నుంచి 250 కేజీల ప్రెషర్ కావాలి. అంత ఒత్తిడితో వస్తేనే డీజిలు మంచులా తుంపరై గాలిలో కలిసి కాలుతుంది. నాజిల్లో ఒక గట్టి స్ప్రింగు సూదిని కిందికి అదిమి పట్టుకుని ఉంటుంది. పంపు పంపిన డీజిలు ఆ స్ప్రింగును జయించినప్పుడే సూది లేస్తుంది. వాడగా వాడగా స్ప్రింగు బలం తగ్గుతుంది, సూది కూర్చునే చోటు అరుగుతుంది. ఇరవై, ముప్పై కేజీలు తక్కువకే నోరు తెరిచేస్తుంది. తెరిచింది గట్టిగా మూసుకోదు. తుంపర బదులు ధార, ధార ఆగాక ఒక బొట్టు. ఆ బొట్టు కాలదు, మసి అవుతుంది.

ఏ సిలిండరు నాజిల్ చెడిందో కనుక్కోవడానికి మా పాతవాళ్లు చేసే పని ఒకటుంది. బండి స్లోలో ఉంచి, ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. మంచి సిలిండరుదైతే ఇంజను వెంటనే తడబడుతుంది. వదులు చేసినా తేడా లేకపోతే, లేదా పొగ తగ్గిపోతే, దొంగ దొరికినట్టే. ఇది తెలిసినవాళ్లు, నట్టు మీద గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టుకుని చేసే పని. కామన్ రైల్ బండ్ల మీద మాత్రం ఎవరూ ఎప్పుడూ చెయ్యకూడదు.

దొరికిన నాజిళ్లను టెస్టరు మీద పెట్టించండి. టెస్టరంటే పెద్ద యంత్రమేం కాదు. ఒక చేతి పంపు, ఒక గేజి. మీరు పక్కన నిలబడి చూడండి, మెకానిక్ ఏమీ అనుకోడు, అనుకుంటే వేరే షాపు చూసుకోండి. నాలుగు సంగతులు చూడాలి. ముల్లు ఎన్ని కేజీల దగ్గర ఉండగా నాజిల్ తెరుచుకుంది? తుంపర నాలుగు వైపులా సమానంగా వచ్చిందా, ఒక పక్క ధార కట్టిందా? కొట్టినప్పుడు కరకరమని గట్టిగా శబ్దం వచ్చిందా? తెరుచుకునే ప్రెషర్‌కి ఇరవై కేజీలు తక్కువలో పది సెకన్లు ఆపితే నాజిల్ మొన పొడిగా ఉందా, బొట్టు జారిందా? ఆఖరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రెషర్ సరిగా ఉండి బొట్టు జారే నాజిల్‌ను చాలామంది "బాగానే ఉంది" అని తిరిగి బిగించేస్తారు.

ప్రెషర్ సరిచెయ్యడమంటే స్ప్రింగు వెనక సన్నటి వాషర్లు, షిమ్ములంటాం, వాటిని మార్చడమే. కొన్ని రకాల్లో స్క్రూ ఉంటుంది. షిమ్ మందం 0.1 మిల్లీమీటరు పెరిగితే ప్రెషర్ సుమారు 10 కేజీలు పెరుగుతుంది. వెంట్రుక మందమంత తేడా! కనుక కంటితో అంచనా వేసి వేసేది కాదు. కొత్త స్ప్రింగు వేస్తే చెప్పిన దానికంటే కొంచెం ఎక్కువ పెడతాం, వాడకంలో అది దిగి సర్దుకుంటుంది. అన్ని సిలిండర్ల నాజిళ్లూ ఒకదానికొకటి అయిదారు కేజీల తేడాలో ఉండాలి. ఒకటి 200, ఒకటి 170 ఉంటే బండి కుంటుతుంది.

"అయితే ప్రెషర్ ఇంకా పెంచితే మైలేజీ ఇంకా వస్తుందా?" అని అడుగుతారు. రాదు. తయారీదారు చెప్పిన అంకె దాటితే డీజిలు ఆలస్యంగా పడుతుంది, పొద్దున స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, పంపు మీద భారం పడుతుంది. మన బండికి ఎంత ఉండాలో అంతే.

నాజిల్ తిరిగి బిగించేటప్పుడు కింద రాగి వాషరు కొత్తది వెయ్యాలి. పాత వాషరు అడుగునే ఉండిపోగా దాని మీద ఇంకొకటి వేస్తే నాజిల్ పైకి లేస్తుంది, తుంపర పడాల్సిన చోట పడదు. ప్రెషర్ అంతా సరిచేసి ఇంటికెళ్లాక మళ్లీ పొగ వచ్చిందని తిరిగొచ్చిన బండిలో నేను ఒక్కచోట మూడు వాషర్లు తీశాను. చిన్న వాషరు, దాని ధర టీకి కూడా చాలదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం శ్రద్ధగా వినండి, ముఖ్యంగా కుర్రాళ్లు. నాజిల్ కొడుతున్నప్పుడు దాని ముందు చెయ్యి పెట్టకూడదు. వేలు అడ్డం పెట్టి తుంపర చూసే అలవాటు ఊళ్లల్లో ఉంది. ఆ ఒత్తిడిలో డీజిలు చర్మాన్ని గుచ్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే. నొప్పి కూడా అప్పుడు అంతగా ఉండదు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో నాతో ఉన్న కుర్రాడికి పొద్దున జరిగితే సాయంత్రానికి చెయ్యి తాటిముంజలా ఉబ్బింది. లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే పసుపు రాసి, కట్టు కట్టి కూర్చోకండి. ఆపరేషన్ చెయ్యగల ఆసుపత్రికి ఆ గంటలోనే వెళ్లి, "ప్రెషర్‌తో డీజిలు లోపలికి దిగింది" అని డాక్టరుకు నోరు విప్పి చెప్పండి. గాయం చిన్నదని వాళ్లూ తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

నాజిళ్లు కూడా బాగున్నాయంటే టైమింగు, వాల్వుల సందు చూడాలి. డీజిలు పడాల్సిన దానికంటే ఆలస్యంగా పడితే పొగ వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది. ఇవన్నీ అయ్యాకే పంపు. పంపును కూడా స్క్రూతో కాదు, బెంచి మీద ఎక్కించి, ఒక్కో సిలిండరుకు ఎంత డీజిలు పోతోందో గాజు గొట్టాల్లో కొలిచి సరిచెయ్యాలి. పాత ట్రాక్టరు కొనేవాళ్లు టైర్లు, రంగు, పేపర్లు చూస్తారు. ఆ పంపు మీద ముద్ర ఉందా లేదా చూడండి. ముద్ర లేకపోతే ఎవరో ఒకరు, నాలాంటివాడే, దాన్ని తిప్పి ఉంటాడు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. పొద్దున్నే బండి స్టార్టు చెయ్యకముందు ఇంజనాయిల్ గేజి తీసి చూడండి. ఆయిల్ తగ్గితే అందరం కంగారు పడతాం. పెరిగితే సంతోషిస్తాం! ఇంజనాయిల్ తనంతట తాను పెరగదు. పెరిగిందంటే డీజిలో నీళ్లో కలిసినట్టు. రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. జారిపోతూ డీజిలు వాసన కొడితే ఇక ఆ బండితో ఒక్క సాలు కూడా దున్నకండి. కారణం నాజిల్ కావచ్చు, డీజిలు తోడే చిన్న పంపు డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. కారణం కనుక్కుని, ఆయిల్ మార్చాకే పనిలోకి దిగాలి.

ఇక డబ్బు సంగతి. మంచి కండిషన్లో ఉన్న బండి బరువు పనిలో గంటకు అయిదు లీటర్లు తాగుతుందనుకుందాం. పొగ వదిలే బండి ఆరు తాగుతుందనుకుందాం. ఏడాదికి ఆరు వందల గంటలు తిరిగితే ఆరు వందల లీటర్లు. లీటరు వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న ఈ రోజుల్లో అరవై వేలు. 2014 అక్టోబరు నుంచి డీజిలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. 2017 జూన్‌లో ధర రోజూ మార్చే పద్ధతి వచ్చింది. జీఎస్టీలో చేర్చలేదు, పన్నులు దాని మీద వేరే. దాని మీద పోరాటం మీ సంఘం చేస్తుంది, చెయ్యాలి. కానీ ఆ పోరాటం గెలిచేదాకా సైలెన్సర్లోంచి పోయే అరవై వేలను ఎవరు ఆపుతారు?

పైగా ఆ అరవై వేలు బండి యజమాని ఒక్కడే భరించడు. గంట కిరాయి పెంచుతాడు. సొంత బండి లేని కౌలు రైతు, చిన్న రైతు నెత్తిన పడుతుంది. ఇటు యజమానిని కూడా నేను తప్పు పట్టను. కిస్తీ తరుముతుంటే రోజుకు రెండెకరాలు ఎక్కువ చెయ్యాలనే చూస్తాడు, పంపు పెంచమంటాడు. బాబాయ్ కూడా సరదాకు అడగలేదు. కాబట్టి నేను మీ సంఘాన్ని కోరేది ఒక్కటి. ఊరికో ట్రాక్టరు ఇవ్వమని అడుగుతున్నాం, మంచిదే. మండలానికో నాజిల్ టెస్టరు, అది వాడటం తెలిసిన మనిషి ఉండాలని కూడా అడగండి. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు, కుర్రాళ్లకు యంత్రాల మీద శిక్షణ ఇస్తారు. మన పిల్లల్ని పంపండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులు ఇస్తుంది. ఏ మోడల్ ఎంత పవరు ఇస్తుంది, గంటకు ఎంత తాగుతుంది అన్నీ అందులో ఉంటాయి. కొత్త బండి కొనేటప్పుడు షోరూములో టీ తాగుతూ ఆ రిపోర్టు చూపించమని అడగండి. సేల్సు కుర్రాడి మొహం చూడాలి అప్పుడు!

(సభలో ఒక రైతు: "మా పాత పెట్రోలు వ్యాను కూరగాయల బేరానికి తిరుగుతుంది. పెట్రోలు బాగా తాగుతోంది, పొగ గొట్టం నల్లగా ఉంటోంది. అదీ ఇదేనా?")

జబ్బు అదేనండీ, మందు వేరు. పెట్రోలు ఇంజెక్షను బండిలో నాజిల్ ఎంతసేపు తెరవాలో కంప్యూటరు చెబుతుంది. పెట్రోలు ప్రెషర్ మూడు కేజీలకు అటూ ఇటూ ఉంటుందని నమ్మి అది లెక్క వేస్తుంది. ప్రెషర్ పెరిగిపోతే కంప్యూటరు చెప్పినంతసేపే తెరిచినా పెట్రోలు ఎక్కువ పడుతుంది. ప్లగ్గులు తీసి చూడండి, పొడి మసి పట్టి ఉంటే అదే గుర్తు. ముందు ఎయిర్ ఫిల్టరు. తర్వాత పాత బండ్లలో ఇంజను దగ్గర ప్రెషర్ రెగ్యులేటరు ఉంటుంది, దానికి ఒక సన్నటి గాలి గొట్టం. ఇంజను ఆపి, చల్లారాక ఆ గొట్టం పీకండి. లోపల పెట్రోలు తడి కనిపిస్తే రెగ్యులేటరు పొర చిరిగింది, పెట్రోలు నేరుగా ఇంజన్లోకి పోతోంది. అది మార్చాలి, తిప్పేది ఏమీ లేదు. తడి లేకపోతే గేజి పెట్టించండి. గేజి ప్రెషర్ ఎక్కువ చూపిస్తే ట్యాంకుకు తిరిగి వెళ్లే పైపు నొక్కుకుపోయిందేమో చూడాలి. ప్రెషర్ సరిగానే ఉంటే నీళ్ల వేడి చెప్పే సెన్సరును అనుమానించండి. ఇంజను ఇంకా చల్లగానే ఉందని అది అబద్ధం చెబుతుంటే కంప్యూటరు పాపం పెట్రోలు పోస్తూనే ఉంటుంది. గేజి లేకుండా ప్రెషర్ తగ్గిస్తానన్న వాడికి బండి ఇవ్వకండి. పెట్రోలు పైపు విప్పేటప్పుడు బీడీ దూరంగా పారెయ్యండి, బ్యాటరీ తీగ ఒకటి తీసేయండి.

(మరొకరు: "కొత్త కామన్ రైల్ ట్రాక్టర్ల సంగతేమిటి?")

2023 జనవరి నుంచి యాభై హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, అందుకే అవి వస్తున్నాయి. వాటిలో ప్రెషర్ వెయ్యి కేజీలు దాటుతుంది. నట్టు వదులు చెయ్యడాలు, షిమ్ములు వెయ్యడాలు అక్కడ కుదరవు. దానిలో మన చేతిలో ఉన్నది మూడే. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు వేళకు మార్చడం, అడుగున చేరిన నీళ్లు వదలడం, పీపాలో నిలవ పెట్టిన మురికి డీజిలు పొయ్యకపోవడం. మిగతాది కంప్యూటరు పెట్టి చూడాల్సిందే. మీ ఊరి మెకానిక్ తెలియదంటే అతన్ని చులకన చెయ్యకండి, తెలియదని చెప్పినందుకు మెచ్చుకోండి.

చివరగా ఒక చిన్న మాట. నాజిళ్లు విప్పి షాపుకు తెచ్చేటప్పుడు యూరియా సంచిలో వేసి తేకండి. మొనలకు దెబ్బ తగులుతుంది, రంధ్రాల్లో దుమ్ము దూరుతుంది. శుభ్రమైన గుడ్డలో విడివిడిగా చుట్టండి. ఏది ఏ సిలిండరుదో దారం ముడులతో గుర్తు పెట్టండి. ఇంజను మీద పైపుల మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం కట్టండి.

భోజనాలకు ఇంకా పావుగంట ఉందంటున్నారు. బయట చింతచెట్టు కింద నిలబెట్టిన ఎర్ర ట్రాక్టరు ఎవరిది? మీదేనా బాబాయ్? తాళం ఇవ్వండి, రండి. ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పి అందరం ఒకసారి చూద్దాం.